పెనం వేరు, సీడీ ప్లేయర్ వేరు

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకు వినపడుతోందా? సరే.

ఇవాళ నన్ను మాట్లాడమన్నది సీడీ ప్లేయర్ బ్రేక్-ఇన్ గురించి. కొందరు బర్న్-ఇన్ అంటారు. లక్షలు పోసి కొన్న ప్లేయర్ మొదటి రోజు ఒకలా వినిపిస్తుంది, రెండు మూడు వందల గంటలు ఆడాక ఇంకోలా వినిపిస్తుంది అనే మాట. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది దాన్ని మేం స్వయంగా విన్నాం అంటారు, నాకు తెలుసు. నేనూ విన్నాను. విన్నాక కొన్నాళ్లు ఆనందంగా ఉన్నాను, తర్వాత అనుమానం వచ్చింది, ఆ అనుమానం తీర్చుకోవడానికి చాలా తంటాలు పడ్డాను. ఆ సంగతే చెప్తాను.

నేను కొన్నది ఒక జపాన్ ప్లేయర్. మోడల్ పేరు చెప్పను, ఎందుకంటే ఆ మిషన్‌లో తప్పేమీ లేదు, పేరు చెప్తే ఇక మాటంతా దాని మీదికే పోతుంది. ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బు. ఇంటికి తెచ్చి, చేతులు కడుక్కొచ్చి, పెట్టె విప్పి, మొదట పెట్టింది ఒక వయొలిన్ కచేరీ సీడీ. కమాను తీగ మీద పడిన ప్రతిసారీ చెవిలో గీసినట్టుంది. మృదంగం ఎడమ చేతి వైపు నాదం పలచగా ఉంది. ప్రాణం ఉసూరుమంది. కొన్న షాపుకి ఫోన్ చేశాను. "సార్, ఇప్పుడే ఏమీ అనుకోకండి, 300 గంటలు ఆడనివ్వండి, అప్పుడు విచ్చుకుంటుంది" అన్నారు. వాళ్లు వెనక్కి తీసుకునే గడువు ఏడు రోజులు. ఏడు రోజుల్లో రాత్రీ పగలూ కలిపినా ఉండేవి 168 గంటలే కదండీ. ఆ లెక్క నాకు అప్పుడు తట్టలేదు. ఆ మాట నమ్మి, రిపీట్ పెట్టి, రాత్రిళ్లు ఆంప్లిఫయర్ ఆపేసి ప్లేయర్‌ని మాత్రం ఆడనిస్తూ ఉన్నాను. గడువు దాటిపోయింది. మూడో వారంలో ఒక ఆదివారం పొద్దున అదే వయొలిన్ సీడీ పెడితే, గీత లేదు, మృదంగం నిండుగా ఉంది. నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. నలుగురైదుగురికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇది మనకు ఎందుకంత తేలిగ్గా నమ్మబుద్ధవుతుందో ముందు చూద్దాం. మన ఇళ్లలో చాలా వస్తువులు అలాగే ఉంటాయి. కొత్త ఇనుప పెనం మీద తెచ్చిన రోజే దోసె పోస్తే ఊడిరాదు. నూనె రాసి, కాల్చి, ఉల్లిపాయ ముక్కతో రుద్ది, నాలుగు రోజులు అలా చేస్తే అప్పుడు దారికొస్తుంది. కొత్త చెప్పులు కరుస్తాయి, వారానికి పాదం తీరుకి ఒదుగుతాయి. కొత్త బియ్యం ముద్దవుతుంది, పాతబడితే పలుకుగా ఉడుకుతుంది. మృదంగం మూత కొత్తగా వేయిస్తే కుదురుకోవడానికి కొన్నాళ్లు పడుతుందని వాయించేవాళ్లు చెప్తారు. ఇదివరకు కొత్త స్కూటర్ కొంటే కొన్ని వందల కిలోమీటర్ల దాకా "రన్నింగ్-ఇన్" అని రాసుకుని మెల్లగా నడిపేవాళ్లు, మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇవన్నీ నిజాలే. అయితే వీటన్నిటిలోనూ ఏదో ఒకటి అరుగుతోంది, సాగుతోంది, ఆరుతోంది, పొర కడుతోంది. కాబట్టి నేను వేసుకున్న ప్రశ్న ఇది: సీడీ ప్లేయర్‌లో పాట వచ్చే దారిలో అలా అరిగేది, సాగేది ఏముంది?

పైనుంచి మొదలుపెడదాం. డిస్క్. 1982 అక్టోబర్‌లో సోనీ సీడీపీ-101 జపాన్‌లో 1,68,000 యెన్‌లకు అమ్మకానికి వచ్చినప్పటి నుంచీ కొలతలు ఇవే: 120 మిల్లీమీటర్ల పళ్లెం, శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాసిన నమూనాలు, ఒక్కో నమూనా 16 బిట్లు, అంటే పదహారు సున్నా-ఒకట్లు. 780 నానోమీటర్ల లేజర్ కిందనుంచి చదువుతుంది, అంకెలు రాసి ఉన్న ఒక వరసకీ పక్క వరసకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. లెన్స్ ఒక చిన్న కాయిల్ మీద పైకీ కిందకీ కదులుతూ ఫోకస్ పట్టుకుంటుంది. అక్కడ కదిలే భాగం ఉంది, ఒప్పుకుంటాను. అయితే అక్కడ చదివేది అంకెలు. చిన్న గీతలు పడి కొన్ని అంకెలు పోయినా వాటిని తిరిగి లెక్కగట్టే ఏర్పాటు డిస్క్ మీదే రాసి ఉంటుంది, రెండు మిల్లీమీటర్ల పైన పొడవున్న దెబ్బని కూడా అది పూర్తిగా సరిచేయగలదు.

నేను ప్లేయర్ కొన్న రెండో రోజునే, ఏదో సరదాకి, దాని డిజిటల్ అవుట్‌పుట్ నుంచి ఒక ట్రాక్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని ఉన్నాను. 300 గంటలు దాటాక అదే డిస్క్, అదే ట్రాక్ మళ్లీ ఎక్కించి రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి, మొదలు కలిపి, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేశాను. మిగిలింది సున్నా. ఒక్క బిట్ తేడా లేదు. నాకు అనుమానం మొదలైంది అక్కడే, ఎందుకంటే అప్పటిదాకా నేను ఆ లేజరే "కుదురుకుంది" అనుకుంటున్నాను.

సరే, అంకెలు మారలేదు, ఆ అంకెల్ని శబ్దంగా మార్చే భాగం మారిందేమో. అందులో మొదటిది గడియారం లాంటి క్వార్ట్జ్ క్రిస్టల్. క్రిస్టల్ వయసు పెరిగే కొద్దీ దాని వేగం కొద్దిగా జరుగుతుంది, ఇది నిజం, మొదటి ఏడాది కాస్త ఎక్కువ జరుగుతుంది. ఎంత అంటే పది లక్షల్లో కొన్ని వంతులు. వేగం ఎంత జరిగితే శ్రుతీ అంతే జరుగుతుంది కాబట్టి మన లెక్కలో చెప్తాను. షడ్జమానికీ దాని పక్కనున్న శుద్ధ రిషభానికీ మధ్య తేడా సుమారు 6 శాతం. క్రిస్టల్ పది లక్షల్లో 50 వంతులు జరిగిందనుకున్నా, అంటే బాగా ఎక్కువ వేసుకున్నా, అది 0.005 శాతం. ఒక్క స్వరస్థానం దూరంలో 1,200వ వంతు. తంబురా శ్రుతి చేసే ఎంత గొప్ప విద్వాంసుడి చెవికైనా అది అందదు.

తర్వాత కెపాసిటర్లు, అంటే విద్యుత్ చార్జ్‌ని దాచుకుని వదిలే భాగాలు. బ్రేక్-ఇన్ గురించి మాట్లాడేవాళ్లందరూ చివరికి ఆగేది ఇక్కడే, అందుకని కొంచెం ఆగి చూద్దాం. పవర్ సప్లైలో ఉండే పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల అల్యూమినియం రేకు, దాని మీద అతి పల్చటి ఆక్సైడ్ పొర ఉంటాయి. ఏళ్ల తరబడి కరెంటు పెట్టకుండా గోడౌన్‌లో పడి ఉంటే ఆ పొర కొంచెం బలహీనపడుతుంది, మళ్లీ వోల్టేజీ తగలగానే తిరిగి కట్టుకుంటుంది. లీకేజీ కరెంటు మొదట కాస్త ఎక్కువగా ఉండి తగ్గుతూ వస్తుంది. ఇది పుస్తకాల్లో ఉన్న విషయమే, రిపేరు చేసేవాళ్లకూ తెలుసు, పాత రేడియోలను ఒకేసారి 230 వోల్టుల్లో పెట్టకుండా మెల్లగా పెంచుతూ పోయేది అందుకే. కానీ ఆ పొర కట్టుకోవడానికి పట్టేది నిమిషాలు, మహా అయితే కొన్ని గంటలు. 300 గంటలు కాదు. ప్లాస్టిక్ పొరతో చేసే ఫిల్మ్ కెపాసిటర్లలో కొంత చార్జ్‌ని దాచుకుని ఆలస్యంగా వదిలే గుణం ఉంటుంది, కొలవచ్చు కూడా, అయితే అది ఆ పదార్థంలో పుట్టుకతో ఉన్న గుణం. పాటలు ఆడిస్తే పోయేది కాదు.

మరి నిజంగా మారేది ఏదీ లేదా అంటే, ఉంది. వేడి. చల్లటి ప్లేయర్‌ని ఆన్ చేసిన మొదటి అరగంటలో లోపలి ఉష్ణోగ్రత పెరుగుతుంది, అవుట్‌పుట్ స్టేజ్‌లో, అంటే శబ్దాన్ని బయటికి పంపే చివరి భాగంలో, ట్రాన్సిస్టర్ల పనిచేసే స్థితి జరుగుతుంది, అవుట్‌పుట్ దగ్గర డీసీ వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టులు అటూ ఇటూ పోయి ఒకచోట నిలుస్తుంది. నేను మీటర్ పెట్టి చూశాను, మా ప్లేయర్‌లో 25 నిమిషాలకు నిలిచింది. మర్నాడు మళ్లీ చల్లగా మొదలుపెడితే మళ్లీ అదే 25 నిమిషాలు. అంటే ఇది రోజూ జరిగేదే, ఒకసారి జరిగి అయిపోయేది కాదు. వేడెక్కడాన్ని, బ్రేక్-ఇన్‌ని చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. రెండూ వేరు.

ఇంకొకటి కూడా నిజమే: స్పీకర్లు. అక్కడ రబ్బరు అంచు ఉంది, వెనక గుడ్డతో చేసిన సస్పెన్షన్ ఉంది, అవి కొత్తలో బిగుసుకుని ఉండి వాడేకొద్దీ వదులవుతాయి, కోన్ సహజ కంపనం కొద్దిగా కిందికి దిగుతుంది. దాన్ని కొలవచ్చు. పెనం, చెప్పులు, స్పీకరు ఒక జాతి. చాలామంది చేసేది ఏమిటంటే ప్లేయరు, స్పీకర్లు ఒకే నెలలో కొంటారు, స్పీకర్లు వదులవుతాయి, పేరు ప్లేయర్‌కి వస్తుంది.

అసలు బర్న్-ఇన్ అనే మాట ఎక్కడిదో తెలిస్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. అది ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల మాట. తయారైన బోర్డుల్ని ఎక్కువ వేడిలో కొన్ని గంటలు నడిపిస్తారు, లోపం ఉన్నవి అక్కడే చచ్చిపోవాలని. బలహీనమైనవి సాధారణంగా మొదట్లోనే పోతాయి కాబట్టి, అవి మన ఇంటికొచ్చి పోయేకంటే ఫ్యాక్టరీలోనే పోవడం నయం. మిగిలినవి మెరుగవుతాయని కాదు. బతికి ఉన్నవాటిని వేరు చేయడానికి పెట్టిన పరీక్ష అది, దాని పేరు తెచ్చి మనం నాదానికి తగిలించాం.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసింది ఇంకో విషయం. లోపల పదార్థాలు మారుతున్నాయనుకుందాం. మారితే కొన్ని మెరుగవ్వాలి, కొన్ని పాడవ్వాలి. "నా ప్లేయర్ మొదటి రోజు అద్భుతంగా ఉండేది, 200 గంటలకు పాడైపోయింది" అని చెప్పినవాళ్లు మీకు ఎంతమంది తగిలారు? నాకు ఒక్కరూ తగల్లేదు. అందరి ప్లేయర్లూ విచ్చుకుంటాయి, అందరి మృదంగాలూ నిండుగా అవుతాయి. ప్రకృతిలో మార్పు అంత మర్యాదగా ఒకే వైపుకి నడవదండీ.

[సభలో ఒకరు: మరి మీరు విన్న తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?]

వస్తున్నాను, అదే చెప్పబోతున్నాను. నాకు డైరీ రాసే అలవాటుంది. ఆ నెల పేజీలు తిరగేశాను. రెండో వారంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. చుట్టాలు కూర్చోవడానికి హాల్లో పెద్ద జంపఖానా పరిచాం, స్పీకర్లు అడ్డమని గోడ మూలల్నుంచి ముందుకు జరిపాం, వ్రతం అయ్యాక జంపఖానా తీయలేదు, స్పీకర్లు వెనక్కి నెట్టలేదు. అంతే! మాది మార్బుల్ నేల. వయొలిన్‌లోని పై స్థాయి శబ్దమంతా ఆ నేల మీద కొట్టుకుని నా చెవికి రెండోసారి వస్తోంది, జంపఖానా పడ్డాక అది తగ్గింది. గది పొడవు నాలుగు మీటర్లు, అంత గదిలో 43 హెర్ట్జ్ దగ్గర ఒక కంపనం నిలబడుతుంది, దాని పై గుణకాలు ఇంకొన్ని ఉంటాయి, స్పీకరు గోడకు ఎంత దూరంలో ఉందో, మనం ఎక్కడ కూర్చున్నామో దాన్నిబట్టి మృదంగం నిండుగానో పలచగానో వినిపిస్తుంది. ఒక్క అడుగు చాలు. జంపఖానా తీసేసి, స్పీకర్లు మళ్లీ మూలకి నెట్టి అదే సీడీ పెట్టాను. 500 గంటలు దాటిన ప్లేయరే, గీత మళ్లీ వచ్చింది.

అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. కొంత జంపఖానా, కొంత ప్లేయర్ అయ్యుండొచ్చు కదా అనిపించింది. అదృష్టం ఏమిటంటే విజయవాడలో ఉండే మా బావమరిది కూడా అదే మోడల్ కొన్నాడు, నా తర్వాత ఏడాదికి. పెట్టె విప్పొద్దు, నేను వస్తున్నాను అన్నాను. నాది కార్లో పెట్టుకుని వెళ్లాను. నాది 900 గంటలు ఆడింది, అతనిది ఒక్క నిమిషం కూడా ఆడలేదు. ఒకే సీడీ రెండు కాపీలు సంపాదించాం. ముందు ఊరికే మార్చి మార్చి విన్నాం, ఇద్దరం ఒకే మాట అన్నాం, పాతదే బాగుంది, తెరుచుకుని ఉంది అని. అప్పుడు మీటర్ తీశాను. టెస్ట్ సీడీలో ఒక కిలోహెర్ట్జ్ నాదం పెట్టి కొలిస్తే నాది 2.06 వోల్టులు ఇస్తోంది, అతనిది 1.98. ఇలాంటి చిన్న తేడా ఒకే మోడల్‌లో కూడా ఉంటుంది. శబ్దం గట్టితనాన్ని కొలిచే డెసిబెల్స్‌లో చెప్పాలంటే, ఒక డెసిబెల్‌లో మూడో వంతు. అంత చిన్న తేడాని మన చెవి "గట్టిగా ఉంది" అని చెప్పదు, "బాగుంది" అని చెప్తుంది. అదే ఇక్కడ పెద్ద మోసం, చెవి చేసే మోసం కాదు, మనం కొలవకుండా కూర్చోవడం వల్ల జరిగే మోసం.

నా ప్లేయర్ వోల్టేజీని తగ్గించి రెండూ సమానం చేశాం. రెండింటినీ అరగంట వేడెక్కనిచ్చాం. వాళ్ల అమ్మాయి, ఇంటర్ చదువుతోంది, దుప్పటి అడ్డం కట్టి వెనక కూర్చుంది. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది, ఏది పడిందో పుస్తకంలో రాసుకుని స్విచ్ వేస్తుంది, మాకు చెప్పదు. 16 సార్లు. నేను 9 సరిగ్గా చెప్పాను, మా బావమరిది 7. మరీ తక్కువా ఎక్కువా కాదు, ఏమీ వినకుండా నోటికొచ్చింది చెప్పినా దాదాపు అంతే వస్తుంది. 16లో 12 వస్తే అప్పుడు ఆలోచించాలి, ఎందుకంటే ఊహించి చెప్పి అన్ని తెచ్చుకునే అవకాశం 4 శాతం లోపే. రాత్రి భోజనాల దగ్గర ఆ అమ్మాయి అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది. "మామయ్యా, ఏది ఆడుతోందో చెప్పినప్పుడు మీరిద్దరూ బోలెడు తేడాలు చెప్పారు, చెప్పనప్పుడు చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు" అంది.

మాది ఇంట్లో చేసుకున్న పరీక్ష, దాని హద్దు దానికుంది. కానీ చెవికి పరీక్ష పెట్టడం ఇలాగే ఉండాలి. 2007లో అమెరికాలో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ఫలితం వేశారు. సీడీ కంటే ఎక్కువ రిజల్యూషన్ ఉన్న, అంటే శబ్దాన్ని ఇంకా సన్నగా కొలిచి రాసిన డిస్కుల్ని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించి తేడా చెప్పమన్నారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరైన జవాబు వచ్చింది. సగం. కాగితం మీద ఎంతో పెద్ద తేడా ఉన్నవాటి దగ్గరే అలా అయితే, 20 గంటలు ఆడిన ప్లేయర్‌కీ 300 గంటలు ఆడిన ప్లేయర్‌కీ మధ్య తేడాని మూడు వారాల జ్ఞాపకంతో పోల్చడం ఎలా కుదురుతుంది చెప్పండి? శబ్దం తీరు, అందులోని సన్నటి వివరం, మన జ్ఞాపకంలో సెకన్లే నిలుస్తుంది. తర్వాత నిలిచేది దాని గురించి మనం అనుకున్న మాట.

[సభలో మరొకరు: అంటే నేను విన్నది అబద్ధమంటారా? నా ప్లేయర్ 200 గంటల తర్వాత మారింది, మా ఆవిడ కూడా చెప్పింది.]

లేదండీ, అబద్ధం అనను, ఆ మాట ఎప్పుడూ అనను. మీకు ఆనందం కలిగింది, అది కలిగిన మాట నిజం. కొత్త ఊరికి కాపురం వెళ్తే మొదటి వారం ఆ నీళ్లు రుచించవు. నెల తిరిగేసరికి ఆ నీళ్లే బాగుంటాయి. నీళ్లు మారలేదు, నాలుక నేర్చుకుంది. కొత్త ప్లేయర్ పాత ప్లేయర్ కంటే వేరే తీరుగా వినిపించొచ్చు, ఫిల్టర్ వేరు, అవుట్‌పుట్ స్టేజ్ వేరు, మొదట కొత్తగా ఉంటుంది, రోజూ రెండు గంటలు దాని ముందు కూర్చుంటే మీ చెవి ఆ తీరుని నేర్చుకుంటుంది. దాన్ని బ్రేక్-ఇన్ అనాలనుకుంటే అనండి, మీలో జరిగిందని మాత్రం ఒప్పుకోండి. మీ ఆవిడ విషయం, ఆవిడకి మీరు ముందు చెప్పారా, అడిగారా? ముందు చెప్పారు కదా. అదే.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. దీనివల్ల మనకు నష్టం జరుగుతోంది. ఒకటి డబ్బు. నచ్చని వస్తువు వెనక్కి ఇచ్చే రోజులు 300 గంటల మాటలో కరిగిపోతాయి, నాకు కరిగిపోయాయి. నచ్చకపోతే, స్పీకర్లు జరిపి చూసి, జంపఖానా వేసి చూసి, అప్పటికీ నచ్చకపోతే, ఆ వారంలోనే తిరిగి ఇచ్చేయండి. రెండోది లేజర్. లేజర్ ఆయుష్షుని గంటల్లో లెక్కపెడతారు. రోజుకి రెండు గంటలు వినేవాళ్లకు 300 గంటలంటే 150 రోజుల పాట. ఎవరూ లేని హాల్లో అది ఖర్చయిపోతోంది. చాలా పాత ప్లేయర్లకు సరిపోయే లేజర్ యూనిట్ ఇవాళ కొత్తది తయారే కావడం లేదు, రిపేరుకి తెచ్చినవాళ్లకు ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

మూడోది, నెలల తరబడి ఆఫ్ చేయకుండా ఉంచడం. కెపాసిటర్ మీద 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉంటే, ప్రతి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అవుతుందని లెక్క. మన మే నెలలో ఏసీ లేని గది 40 డిగ్రీలు, డబ్బా లోపల ఇంకో 15 వేసుకోండి, 55. ఆ లెక్కన 64,000 గంటలు. రోజుకి నాలుగు గంటలు వాడితే 40 ఏళ్ల పైన వస్తుంది. 24 గంటలూ ఆన్‌లో ఉంచితే ఏడేళ్ల చిల్లర. నాదం మెరుగవుతుందని మనం చేసే పని ఆ మిషన్ని ముసలిదాన్ని చేస్తోంది. లెన్స్ మీద దుమ్ము, ట్రే బెల్టు సాగడం, సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్లు నల్లబడటం, కాలంతో ప్లేయర్‌లో నిజంగా జరిగే మార్పులు ఇవీ, వీటిలో ఏదీ వినసొంపుగా ఉండదు.

[సభలో ఒకరు: నాది వాల్వ్ అవుట్‌పుట్ ఉన్న ప్లేయర్ సార్.]

వాల్వ్, అంటే పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు గొట్టం, ఉంటే కొంచెం వేరు. కొత్త వాల్వ్ మొదటి కొన్ని పదుల గంటల్లో కుదురుకుంటుంది, తర్వాత చాలాకాలం నిలకడగా ఉండి, చివర్లో బలహీనపడుతుంది. అది ఆ వాల్వ్ సంగతి, మార్చినప్పుడల్లా మళ్లీ మొదలవుతుంది. మీ ప్లేయర్‌లో మిగతా భాగానికి నేను చెప్పిందే వర్తిస్తుంది.

సరే, మాటలు చాలు. ఆ బల్ల మీద గుడ్డ కప్పి ఉన్నవి ఆ రెండు ప్లేయర్లే. మా బావమరిదిది ఆ పరీక్ష తర్వాత పెద్దగా వాడలేదు, 40 గంటలు కూడా దాటలేదు, నాది 6,000 దాటింది. పొద్దున వచ్చి రెండింటి వోల్టేజీ సమానం చేశాను, గంట నుంచి ఆన్‌లోనే ఉన్నాయి. ముందు వరసలో ఉన్న అమ్మా, మీరు ఒకసారి వచ్చి ఆ గుడ్డ వెనక కూర్చుంటారా? ఇదిగో రూపాయి నాణెం, ఇదిగో పుస్తకం. బొమ్మ పడితే ఎడమ స్విచ్, బొరుసు పడితే కుడి స్విచ్, నాకు కూడా చెప్పకండి, నేను ఇటు తిరిగి కూర్చుంటాను. మిగతావాళ్లు ఇందాక పంచిన కాగితాల మీద ఒకటి నుంచి పదహారు దాకా అంకెలు వేసుకోండి. ముందు ఉత్త తంబురా పెడుతున్నాను, ఆ తర్వాత వయొలిన్. ఫ్యాన్ ఒకసారి ఆపేస్తారా?